బెత్తం పట్టని బేతాళుడు

గట్టు మీద రాలిన ఒక్క మామిడికాయ దగ్గర మొదలైంది గొడవ.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో మా పెదనాన్న తోట ఉంది. మే నెల. చిన్నరసాల కోత జోరుగా సాగుతోంది. పెద్దవాళ్లు చిక్కం కర్రలు పట్టుకుని, ముచిక ఊడకుండా కాయ దించి, సొన కారిపోయేలా బోర్లిస్తున్నారు. సొన కాయ మీద పడితే మచ్చ, మచ్చ పడితే ధర పోతుంది. అందుకే ఆ పనికి పిల్లల్ని దగ్గరకు రానివ్వరు. సెలవులకు చేరిన పిల్లలు ఆరుగురికీ రాలిన కాయలు ఏరే పని అప్పజెప్పారు. పక్క తోట చెట్టు కొమ్మ ఒకటి గట్టు దాటి మా వైపు వంగి ఉంది. దాని కాయ మా గట్టు మీద పడింది. మా మేనల్లుడు ఏరాడు. పక్క తోట పిల్లాడు లాక్కున్నాడు. "చెట్టు మాది" అని వాడు, "నేల మాది" అని వీడు. పంచాయితీ నా దగ్గరికొచ్చింది.

పెదనాన్నయితే ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "పరాయి సొమ్ము పాము లాంటిదిరా, ఇచ్చెయ్." ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇక్కడ గొడవంతా ఆ సొమ్ము ఎవరికి పరాయిదన్న దాని మీదే. అది తేలాక సామెత అక్కరకొస్తుంది గానీ, తేల్చడానికి సామెత చాలదు. నేను తీర్పు చెప్పలేదు. పిల్లల్ని గోనెపట్టాల మీద కూర్చోబెట్టి బేతాళ కథ ఒకటి అందుకున్నాను.

బేతాళ కథల్ని మనం ఎప్పుడో కాలక్షేపం ఖాతాలో వేసేశాం. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం, కళ్లు మూసుకుంటే భయం. చిన్నప్పుడు నేనూ అందుకే చదివాను. పెద్దయ్యాక, పిల్లలకు చెప్పాల్సి వచ్చినప్పుడు, అవి ఎలా కట్టారోనన్న ధ్యాస మొదలైంది. మంచిచెడ్డలు తూచుకోవడం పిల్లలకు నేర్పడానికి ఇంత పకడ్బందీగా చేసిన పనిముట్టు మన ఇళ్లలో మరొకటి లేదని అప్పటి నుంచీ నా నమ్మకం. దాన్ని విప్పి, ఏ మర ఎక్కడ ఎందుకు బిగించారో చూపించాలనే ఈ ప్రయత్నం.

చెబితే పని చెడుతుంది, చెప్పకపోతే తల పగులుతుంది

కథల మూలం అందరికీ తెలిసిందే, అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. 11వ శతాబ్దపు కశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఈ కథలు వరసగా ఉన్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. మన నోట విక్రమార్కుడయ్యాడు. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకొచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి వెళుతుంటాడు. రాజు దాన్ని కోశాధికారి చేతిలో పెట్టి మరిచిపోతాడు. ఒకనాడు పెంపుడు కోతి ఆ పండు కొరికితే లోపలి నుంచి రత్నం దొర్లుతుంది. ఏళ్ల తరబడి ఇన్ని రత్నాలిచ్చినవాడికి ఏదో ఒకటి చేసిపెట్టాలి కదా. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని తెచ్చిపెట్టమని అడుగుతాడు భిక్షువు. దారిలో శవంలోని బేతాళుడు కథ చెబుతాడు, చివర్లో ప్రశ్న వేస్తాడు.

ఇక్కడే మొదటి మర ఉంది. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. నోరు విప్పితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది, అంతసేపు నడిచిన నడకంతా వృథా.

ఈ షరతును భయం కోసం పెట్టారనుకునేవాణ్ణి. తోటలో పిల్లలకు చెబుతున్నప్పుడు దాని అసలు బరువు తెలిసింది. న్యాయమేదో తెలిసి ఊరుకుంటే అది నేరం, బయటికి చెబితే నష్టం. ఈ రెండూ ఒకే వాక్యంలో ఇమిడ్చాడు కథకుడు. బడిలో ఎవడో ఒకణ్ణి నలుగురు కలిసి ఏడిపిస్తుంటే చూసిన ప్రతి పిల్లవాడూ ఉండేది సరిగ్గా ఈ చిక్కులోనే. చెబితే స్నేహాలు పోతాయి, చెప్పకపోతే లోపల ఏదో పగులుతుంది. "నిజం చెప్పాలి" అని పాఠాల్లో మనం బోధిస్తాం. చెప్పినందుకు చెల్లించాల్సింది కూడా ఉంటుందని చెప్పం. బేతాళుడు ఆ ధర ముందే చెప్పేస్తాడు. రాజు ప్రతిసారీ ఆ ధర చెల్లించి మరీ జవాబు చెబుతాడు. "పట్టువదలని విక్రమార్కుడు" అన్న మాట మన భాషలో జాతీయమైపోయింది. ఆ పట్టు శవాన్ని మోయడంలో ఉందని మనం అనుకుంటాం. నష్టపోతానని తెలిసి కూడా ప్రతిసారీ నోరు విప్పడంలో అంతకన్నా పెద్ద పట్టు ఉంది.

రెండో మర, మళ్లీ మొదటికి రావడం. ఒక కథ, ఒక జవాబు, మళ్లీ చెట్టు. వివేకం ఒక పాఠంతో వచ్చేది కాదని ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం. పైగా నిన్నటి జవాబు నేటి ప్రశ్నకు పనికిరాదు. ప్రతి కథకూ కొత్తగా ఆలోచించాలి.

తూకం రాళ్లు

మూడో మర ప్రశ్న. బేతాళుడి ప్రశ్నలో పట్టు ఎక్కడుందంటే, తక్కెడలో అందరూ దాదాపు సమానంగా తూగుతారు. ఒకడు దుర్మార్గుడు, ఒకడు మంచివాడు అయితే పిల్లలకు ఆలోచించే పని ఉండదు. మూడో తరగతి పిల్లవాడైనా వేలు చూపిస్తాడు. ఇక్కడ నలుగురూ మంచివాళ్లే, లేకపోతే నలుగురూ నిర్దోషులే.

వీరవరుడి కథ చూడండి. శూద్రకుడనే రాజు దగ్గర కొలువు చేసే వీరవరుడికి, రాజుకు మూడు రోజుల్లో మరణం ఉందని తెలుస్తుంది. కొడుకును దేవికి బలిస్తే రాజు బతుకుతాడు. కొడుకు సరేనంటాడు. బలి జరుగుతుంది. చెల్లెలు దుఃఖంతో ప్రాణం విడుస్తుంది, తల్లి చితిలో దూకుతుంది, చివరికి వీరవరుడూ తన తల నరుక్కుంటాడు. చాటు నుంచి ఇదంతా చూసిన రాజు తన మెడ మీద కత్తి పెట్టుకోబోతే దేవి ఆపి, అందరినీ బతికిస్తుంది. ఇందులో ఎవరు గొప్ప? కథ వింటున్నంతసేపూ మనం వీరవరుడి వైపే ఉంటాం. కొడుకునిచ్చాడు, తనూ పోయాడు. అంతకన్నా ఏముంది?

విక్రమార్కుడు మాత్రం శూద్రకుడే గొప్పంటాడు. ఏలిక కోసం ప్రాణమివ్వడం కొలువులో ఉన్నవాడి ధర్మంగా నడిచే లోకం అది. భటుడి కోసం రాజు ప్రాణమివ్వాలని ఏ ధర్మమూ చెప్పలేదు. చెప్పనిది చేయబోయాడు గనుక అతడిదే గొప్ప.

ఈ జవాబు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఆ తూకం రాయి ఏమిటో మాత్రం గమనించండి. ఎవరు ఎంత పోగొట్టుకున్నారన్నది కాకుండా, ఎవరు తమ విధిని దాటి ఎంత ముందుకు వెళ్లారన్నది లెక్క వేశాడు. ఇదే వీరవరుడి కథ హితోపదేశంలోని విగ్రహ భాగంలో కూడా ఉంది. అక్కడ అది స్వామిభక్తికి ఉదాహరణగా వచ్చి వెళ్లిపోతుంది. చివర ఒక ప్రశ్న తగిలించడంతో అదే కథ తలకిందులై రాజు వైపు తిరిగింది. అదీ పనితనం.

ఇంకో కథలో తూకం రాయి మరోటి. హరిస్వామి అనే బ్రాహ్మణుడు ఆకలితో ఊరూరా తిరుగుతుంటే ఒక ఇల్లాలు జాలిపడి పాయసాన్నం పెడుతుంది. అతడు దాన్ని చెరువు గట్టున మర్రిచెట్టు కింద పెట్టి స్నానానికి దిగుతాడు. పైన కొమ్మ మీద వాలిన గద్ద కాళ్లలో పాము. పాము నోటి విషం చుక్క గిన్నెలో పడుతుంది. తెలియక తిన్నవాడు ఆ ఇల్లాలి ముందుకొచ్చి, నీ అన్నమే నన్ను చంపిందని చెప్పి పడిపోతాడు. భర్త ఆమెను హంతకురాలంటూ ఇంట్లోంచి గెంటేస్తాడు. ఎవరిది పాపం? పాముదా, గద్దదా, అన్నం పెట్టిన వాళ్లదా?

గోనెపట్టాల మీద నా శ్రోతలు రెండు జట్లయ్యారు. "గద్దదే" అని ఒకడు. "గద్దకు అది కూడు కదరా" అని ఇంకొకడు. "పాము కావాలని కక్కిందా ఏంటి, అప్పటికే అది చచ్చింది." "మరి ఆ భర్త?" అయిదు నిమిషాలు వాళ్లకే వదిలేసి, తర్వాత రాజు జవాబు చెప్పాను. శత్రువు కాళ్లలో చిక్కిన పాముకు తెలివి లేదు, గద్ద తన ఆహారం తను తెచ్చుకుంది, అన్నం పెట్టిన వాళ్లు పుణ్యం చేశారు. వీళ్లలో ఎవరికీ పాపం లేదు. ముందూ వెనకా ఆలోచించకుండా వీళ్లలో ఒకరిని దోషి అని నోరు జారినవాడికే ఆ పాపం అంటుతుంది.

పిల్లలు ఒక్క క్షణం నోరెత్తలేదు. గద్దదే తప్పన్నవాడు నెమ్మదిగా, "అంటే నాకా?" అన్నాడు.

పుకారు మీద, నిందల మీద, ఎవరో పంపిన వాట్సాప్ కబురు నమ్మి ఊరంతా చాటడం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ "అంటే నాకా?" పలికించలేం. విన్నవాడిని కథలోకి లాగి, వాడి చేతే తప్పు చేయించి, దాన్ని వాడికే చూపించింది ఈ కథ. వాడిని ఎవరూ తిట్టలేదు, బెత్తం ఎత్తలేదు.

మూడో రకం తూకం దొంగ కథలో ఉంది. మదనసేన అనే అమ్మాయి పెళ్లికి ముందు ఒక యువకుడికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి, పెళ్లయ్యాక భర్తకు చెప్పి బయల్దేరుతుంది. భర్త వెళ్లనిస్తాడు. దారిలో దొంగ అడ్డుపడి, ఆమె సంగతి విని వదిలేస్తాడు. ఆ యువకుడు కూడా ముట్టుకోకుండా తిప్పి పంపిస్తాడు. ముగ్గురిలో ఎవరు ఉదారుడు? రాజు ఓటు దొంగకు. మనసు మరొకరి మీదున్న భార్యను ఆపి ఏం లాభమని భర్త వదిలాడు. రాజభయంతో, పరాయి భార్య అన్న సంకోచంతో యువకుడు వదిలాడు. ఒంటి నిండా నగలున్న మనిషిని చీకట్లో చేజిక్కించుకున్న దొంగకు వదలాల్సిన అవసరం ఏముంది? ఇక్కడ రాజు పని పైపైన చూడకుండా, ఆ పని వెనక ఎవరికి ఏ లెక్క ఉందో వెతికాడు. అలా వెతికే చూపు అలవడిన పిల్లవాడు మనిషిని కులంతోనో, బట్టలతోనో, పేరుతోనో కొలవడానికి తొందరపడడు.

చిట్టచివరి మౌనం

నాలుగో మర అన్నిటికన్నా నాజూకైనది. ఇరవై నాలుగో ప్రశ్నకు రాజు జవాబు చెప్పడు. అడవిలో తండ్రీకొడుకులిద్దరు రెండు అడుగుల జాడలు చూసి, పెద్ద అడుగు ఉన్నావిడను తండ్రి, చిన్న అడుగు ఉన్నావిడను కొడుకు చేసుకోవాలని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే ఆ ఇద్దరూ తల్లీకూతుళ్లు. పెద్ద అడుగు కూతురిది. మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని పెళ్లాడతారు. వాళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజు ఎంత ఆలోచించినా తేలదు. నోరు విప్పకుండా నడుస్తూ ఉంటాడు.

షరతు గుర్తు తెచ్చుకోండి. తెలిసి చెప్పకపోతేనే తల పగులుతుంది. తెలియక ఊరుకున్నవాడికి ఏమీ కాదు. ఇన్ని కథల పొడవునా మౌనం తప్పని చెప్పిన కథకుడు, చివర్లో తెలియనప్పుడు మౌనమే సరైనదని తేల్చాడు. బేతాళుడు సంతోషించేదీ అప్పుడే. భిక్షువు రాజును బలివ్వాలని చూస్తున్న సంగతి చెప్పి, బతికి బయటపడే ఉపాయం కూడా చెబుతాడు. తెలిసింది చెప్పే ధైర్యం, తెలియనిది ఒప్పుకునే నిజాయితీ, ఈ రెండూ ఉన్నవాడికే చివరి రహస్యం దక్కింది. మన తరగతి గదుల్లో ఎంతమంది పిల్లలు "నాకు తెలియదు మాస్టారూ" అని భయం లేకుండా అనగలరు?

చందమామ దిద్దిన తీరు

మన తరానికి ఈ కథలు చేరింది సంస్కృతం నుంచి కాదు, చందమామ నుంచి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికకు, 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావు పెద్ద దిక్కు. చక్రపాణి, కుటుంబరావు ఇద్దరూ తెనాలి వాళ్లే. భుజం మీద శవం, చేతిలో కత్తి, చీకట్లో నడిచే రాజు బొమ్మ గీసిన శంకర్ చేతి గీతను ఎవరూ మరిచిపోలేదు. పాత కథలు అయిపోయాక చందమామ కొత్త కథలు అల్లి ఇదే చట్రంలో బిగించింది. దశాబ్దాల పాటు నెలకొక ప్రశ్న.

ఆ కొత్త కథల్లో ప్రశ్న వేసే తీరు మారింది. పాత బేతాళుడు ఎక్కువగా అడిగేది "వీళ్లలో ఎవరు గొప్ప, ఎవరిది తప్పు?" అని. చందమామ బేతాళుడు తరచుగా అడిగేది "వాడు అలా ఎందుకు చేశాడు?" అని. అర్ధరాజ్యం ఇస్తామంటే వద్దని వెళ్లిపోయినవాడిది అహంకారమా, తెలివితక్కువతనమా? అవమానించినవాడికే సాయపడిన మనిషి పిరికివాడా? పైకి పొసగనట్టు కనిపించే ప్రవర్తన ముందు పెట్టి, దాని లోపలి కారణం చెప్పమంటాడు. ప్రశ్నలోనే రెండు మూడు తప్పు జవాబులు ఎరగా వేస్తాడు. రాజు వాటిని పక్కకు నెట్టి, ఆ మనిషి చోట నిలబడి చూసి చెబుతాడు.

చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ పిల్లల చదువులో ఇది పెద్ద అడుగు. తీర్పు చెప్పడానికి తెలివి సరిపోతుంది. ఎదుటి మనిషి ఎందుకలా చేశాడో ఊహించడానికి తెలివితో పాటు మనసు కూడా పని చేయాలి. నలుగురిలో కలిసి బతకడం నేర్చుకోవాల్సిన పిల్లలకు రోజూ కావాల్సింది ఆ రెండోదే. పక్కనున్నవాడు ఇవాళ ఎందుకు మాట్లాడటం లేదు, ఆ అమ్మాయి ఎందుకు విసుక్కుంది అని ఒక్క నిమిషం ఆలోచించే అలవాటు అది.

పడమటి దేశాల్లో ఈ దారి శాస్త్రంగా మారింది 20వ శతాబ్దంలో. అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో పిల్లలకు చిక్కు కథలు చెప్పి జవాబులు రాబట్టాడు. చావుబతుకుల్లో ఉన్న భార్యకు మందు కొనలేని భర్త దాన్ని దొంగిలించవచ్చా? పిల్లవాడు అవునన్నాడా, కాదన్నాడా అన్నది ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకన్నాడో రాసుకున్నాడు. ఆ "ఎందుకు"లో ఎదుగుదల మెట్లున్నాయని తేల్చాడు. సోమదేవుడి రాజు కూడా ప్రతి జవాబుకూ కారణం చెప్పే తీరతాడు. కారణం లేని తీర్పు ఈ కథల్లో ఒక్కటీ లేదు.

కథలో లేని ప్రశ్న

మెచ్చుకుంటూనే ఒక లోపం చెప్పాలి. దాన్ని పట్టింది నేను కాదు, ఏడో తరగతి చదివే మా మేనకోడలు.

మందారవతి కథ చెప్పాను. ఆమె కోసం ముగ్గురు యువకులు వచ్చి కాచుకుని ఉంటారు. ఆమె జ్వరంతో చనిపోతుంది. ఒకడు ఆమె బూడిద మీదే పడుకుని అక్కడే ఉండిపోతాడు. ఒకడు ఎముకలు గంగలో కలపడానికి తీసుకువెళ్తాడు. మూడోవాడు దేశాలు తిరిగి చనిపోయినవాళ్లను బతికించే మంత్రం సంపాదించుకొస్తాడు. ఆమె బతికాక ముగ్గురూ నాదంటే నాదని గొడవ. రాజు తీర్పు: బతికించినవాడు తండ్రితో సమానం, ఎముకలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదతో ఉన్నవాడే భర్త. ఎంత లెక్కగా ఉందో చూడండి అని నేను మురిసిపోతున్నాను.

"మావయ్యా, మరి ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదా?" అంది మా మేనకోడలు.

అడగలేదు. వెయ్యేళ్లుగా ఎవరికీ తట్టలేదు. కథ లోపల రాజు మాటే చివరి మాట, దానికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. స్త్రీలు చాలాచోట్ల బహుమతులుగా ఉంటారు, కులాలు వాటి వాటి గడుల్లో ఉంటాయి. ఆ కాలపు తూకం రాళ్లు కొన్ని ఇవాళ్టి అంగట్లో చెల్లవు.

అయినా ఆ చట్రంలో లోపం లేదంటాను. ఎందుకంటే ఆ ప్రశ్న మా మేనకోడలి నోట పుట్టించింది ఆ చట్రమే. నీతిని తీర్పుగా కాకుండా ప్రశ్నగా విన్న పిల్ల గనుకే, తీర్పునే ప్రశ్నించింది. ఒక పనిముట్టు తన లోపాన్ని కూడా పట్టివ్వగలిగితే దాన్ని మంచి పనిముట్టనాలి.

పిల్లలు అల్లిన కథ

మూడో రోజు పిల్లలే కథ కడతామన్నారు. పక్క తోట పిల్లాడు, గట్టు మీద కాయ లాక్కున్నవాడే, తొమ్మిదో తరగతి. కథ వాడు మొదలుపెట్టాడు. సరుకంతా మా చుట్టుపక్కలదే.

ఒక రైతు తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకిచ్చాడు. వ్యాపారి సగం డబ్బు కట్టాడు. కోత ఇంకా పది రోజులుందనగా రాత్రి గాలివాన వచ్చి కాయంతా రాలింది. కాపలా తాత భార్యను, కోడలిని లేపి, లాంతరు పెట్టుకుని తెల్లారేదాకా కాయ ఏరి కుప్ప పోశాడు. ఎండెక్కితే దెబ్బ తిన్న కాయ కుళ్లిపోతుంది మరి. పక్క తోట రైతు బాడుగ లేకుండా ట్రాక్టర్ ఇచ్చాడు. కాయ పచ్చడి బేరానికి పోయింది, ఎంతో కొంత వచ్చింది. తోట యజమాని మిగతా సగం డబ్బు అడగనన్నాడు. నష్టపోయిన వ్యాపారి కూడా కాపలా జీతం మాత్రం ఎగ్గొట్టలేదు. నలుగురిలో ఎవరిది గొప్ప మనసు?

"తోట ఆయనదే. సగం డబ్బు వదిలేశాడు" అన్నాడు ఒకడు. "కాయే లేనప్పుడు అడిగినా ఇచ్చేవాడెవడు?" అని ఇంకొకడు. "వ్యాపారిది." "జీతం అప్పే కదా, అప్పు తీర్చడం గొప్పా?" చివరికి మా మేనకోడలు అంది: "కాపలా తాతకు జీతమిచ్చేది దొంగల నుంచి కాయడానికి. గాలి నుంచి కాయడానికి కాదుగా."

నేను ఉలిక్కిపడ్డాను. రెండు రోజుల కిందట శూద్రకుడి విషయంలో విన్న తూకం రాయిని, ఎవరూ గుర్తు చేయకుండానే, మామిడితోటలోకి తెచ్చి పెట్టింది. ఎవరి విధి ఎక్కడిదాకా, ఎవరు దాన్ని దాటారు అన్న లెక్కే అది. రాజు దగ్గర మొదలైన లెక్కను కాపలా మనిషి దగ్గరికి తెచ్చింది.

కథ కట్టినవాడు ఊరుకోలేదు. వాడి ప్రశ్న ఇంత తొందరగా తేలిపోవడం వాడికి నచ్చలేదు. కాసేపాగి, "ఒకటి మర్చిపోయాను. పక్క తోట ఆయనకూ కాయ రాలింది. తనది ఏరుకోకుండా ముందు ట్రాక్టర్ ఇచ్చాడు" అని కలిపాడు. మళ్లీ రగడ మొదలైంది. ఒక పళ్లెం బరువెక్కితే రెండో పళ్లెంలో ఇంకో రాయి వేయాలన్న ఒడుపు ఆ పిల్లాడు ఎవరూ నేర్పకుండానే పట్టేశాడు. ఒడుపు ఒక్కటే కాదు, తన కథలోని నలుగురి మనసుల్లోకీ ఒక్కొక్కసారి వెళ్లి వస్తే తప్ప ఆ సవరణ చేయలేడు. మామిడికాయ లాక్కున్నవాడి చేత ఆ పని చేయించింది బేతాళుడు.

బళ్లోకి రావాలంటే

ఇప్పుడు ఈ మాటకు అవసరం ఉంది. విలువల చదువు గురించి రాష్ట్రంలో చర్చ బాగానే నడుస్తోంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ఇదే నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి కాగానే పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆరేళ్లు అక్కడే హాస్టళ్లలో కలిసి బతుకుతారు. పదహారేళ్ల పిల్లవాడు మొదటిసారి ఇల్లు వదిలి, వేరే జిల్లా యాస, వేరే ఇంటి అలవాట్లు, వేరే కష్టాలున్న పిల్లలతో ఒకే గదిలో సర్దుకోవాలి. లెక్కలు, ఫిజిక్స్ ఎలాగూ నేర్పుతారు. పక్క మంచం మీద పిల్లవాడు రాత్రి అన్నం మానేస్తే ఎందుకని అడగాలా వద్దా అన్నది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

శతకాలు వద్దని కాదు నేననేది. సుమతి, వేమన పద్యాలు కంఠతా వచ్చిన తరం వాణ్ణే నేనూ. పద్యం జేబులో ఉన్న నాణెం లాంటిది, అవసరమైనప్పుడు తీసి వాడుకోవచ్చు. ఏ అంగట్లో ఏ నాణెం చెల్లుతుందో తెలుసుకోవాలంటే బేరం చేసిన అనుభవం కావాలి. బేతాళుడు ఇచ్చేది ఆ అనుభవం. పద్యమూ కావాలి, ప్రశ్నా కావాలి. ఇన్నాళ్లూ మనం మొదటిది దండిగా పెట్టి, రెండోదాన్ని మరిచిపోయాం.

ఖర్చు లేని పని ఇది. ప్రత్యేకంగా పుస్తకం అచ్చు వేయనక్కర్లేదు, శిక్షణ శిబిరం పెట్టనక్కర్లేదు. వారానికి ఒక పీరియడ్, ఒక కథ చాలు. తోటలో నాకు తెలిసొచ్చిన రెండు మూడు సంగతులు మాత్రం మాస్టార్లకు చెబుతాను. ప్రశ్న వేశాక కనీసం అయిదు నిమిషాలు మీరు మాట్లాడకండి. జవాబు చెప్పినవాణ్ణి "ఒప్పు", "తప్పు" అనకుండా, "ఎందుకు?" అని అడగండి. రాజు జవాబు అందరికన్నా చివర చెప్పండి, అదీ ఒక జవాబుగానే చెప్పండి. "నాకు తెలియదు" అన్న పిల్లవాణ్ణి చూసి ఎవరినీ నవ్వనివ్వకండి. ఇరవై నాలుగో ప్రశ్నకు విక్రమార్కుడు చేసింది కూడా అదే కదా.

గట్టు మీద కాయ ఎవరిదో మా దగ్గర ఇప్పటికీ తేలలేదు. తేలేలోపు మా ఆరుగురిలో చిన్నవాడు దాన్ని తినేశాడు.